రెండో సీసా

"ఇవాళ పంపు వెయ్యొద్దు సార్," అంది ల్యాబ్ అమ్మాయి, గదిలోకి వస్తూనే.

ఇంజనీరు ఫైల్లోంచి తలెత్తలేదు. ఆమె మాత్రం ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయింది. రిజర్వాయరు నుంచి పరీక్షకి తెచ్చిన నిన్నటి సీసాలోంచి ఓ చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెడితే, రోజూ కనబడే డయాటమ్‌లు, అవే, గాజు పెంకుల బుల్లి పడవలు, చిన్నచిన్న ఆకుపచ్చ చుక్కలు ఏ మూలనో ఉన్నాయి. తక్కినదంతా పూసల దండల్లా అల్లుకున్న నీలి ఆకుపచ్చ నాచే. పొలాల ఎరువులు, మురుగుకాలవల సబ్బు నురగ రిజర్వాయరులోకి దిగుతుంటే దానికి తిన్నంత తిండి. అది వదిలే విషం మరిగించినా పోదు, నేరుగా లివర్ మీద పడుతుంది. ఎదురుగా ఉన్న ఆసుపత్రికి వెళ్ళేవీ ఈ నీళ్ళే. కిడ్నీలు పాడైన వాళ్ళక్కకి పదకొండింటికి అక్కడ డయాలసిస్, రక్తం కడిగేదీ ఈ నీళ్ళతోనే. ఏడాదిగా అక్క కళ్ళు పచ్చబడుతున్నాయి, ఎందుకో డాక్టర్లకే అంతు చిక్కడం లేదు.

"మూడేళ్ళుగా ఈ నీళ్ళు బాగున్నాయని సంతకం పెడుతున్నదెవరమ్మా?"

"నేనే సార్."

"మరి ఒక్కరోజులో ఊడిపడ్డాయా నీ పూసల దండలు?"

రెండో సీసాలోనూ అదే కనబడితేనే పంపు ఆపాలని రూలు. ఒక్క చుక్క చూసి ఊరందరి గొంతూ ఎండబెట్టలేనన్నాడు ఇంజనీరు.

పరీక్షకి నీళ్ళు పట్టుకొచ్చే ముసలాయన ఆఫీసులో అందరికీ బాబాయే. ఆయన పడవేసుకుని వెళ్ళి, నిన్నటి చోటు నుంచే రెండో సీసా తెచ్చాడు.

ఆమె లెన్సుకి కన్ను ఆనించింది. గాజు పడవలున్నాయి. ఆకుపచ్చ చుక్కలున్నాయి. పూసల దండ ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇంకో చుక్క వేసింది. ఇంకోటి. నాలుగోదీ వేసి చూసింది. ఇంజనీరు కూడా వంగి చూశాడు. ముందు కళ్ళజోడు మార్పించుకోమని సలహా చెప్పి, రిపోర్టు కాగితం ముందుకి తోశాడు.

ఒక్కరోజు ఆగమని బతిమాలింది. ఏం చూపించి ఆగాలన్నాడు. నిజమే, చూపించడానికేమీ లేదు. సంతకం పెట్టింది.

సరిగ్గా పదకొండుకి పావుగంట ముందు పంపు మోత మొదలైంది. బల్ల మీది ఖాళీ సీసాలు సన్నగా వణుకుతున్నాయి. ఆమె వాటినే చూస్తూ కూర్చుంది.

బాబాయ్ టీ తెచ్చి పక్కన పెట్టాడు. వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు.

"నావల్లే నువ్వు మాటలు పడ్డావమ్మా," అన్నాడు నెమ్మదిగా.

"నువ్వేం చేశావ్ బాబాయ్?"

"నాచూ చెత్తా పడి నీ అద్దం పాడవకూడదని మొదట్నుంచీ గుడ్డ నాలుగు మడతలేసి వడకట్టే తెస్తున్నా కదా. నిన్న ఒక్కరోజే గుడ్డ మర్చిపోయాను."