వీబె వేలిముద్ర

"మళ్ళీ వచ్చింది," అంది హిస్కె, రేడియోని బల్ల మీద పెడుతూ.

యారిక్ కళ్ళజోడు సర్దుకుని చూశాడు. నెల కిందట తన చేతులతో మీగడరంగు స్ప్రే కొట్టిన పాత ప్లాస్టిక్ రేడియో అది. అంతా నున్నగానే ఉంది. కుడివైపు కింది మూల మాత్రం రంగు పొరగా లేచిపోయి, అడుగునున్న పసుపుపచ్చటి ప్లాస్టిక్ బయటపడింది. బొటనవేలంత మేర, బొటనవేలి ఆకారంలోనే.

"ఇది మూడోసారి," అంది హిస్కె. "అక్కడ నేను వేలు పెట్టలేదు. గుడ్డలో చుట్టే తెచ్చాను."

ఆమె కళ్ళు గోడమీది అట్ట వైపు తిరిగాయి. యారిక్ చేతిరాతే. 'రంగు పడే చోట వేలు పెట్టకండి. జిడ్డు తగిలితే రంగు నిలవదు.'

డోకుమ్ ఊళ్ళో నెలనెలా మొదటి శనివారం పాత బడి హాల్లో పాడైన సామాన్లన్నీ చేరతాయి. బాగుచేసేవాళ్ళు ఊరివాళ్ళే, కూలీ పుచ్చుకోరు. ఎవరి వస్తువు వాళ్ళు తెచ్చి, పని అయ్యేదాకా పక్కనే కూర్చోవాలన్నది అక్కడి నియమం. రంగు పని మాత్రం, ఘాటు అందరికీ పడదని, యారిక్ వెనకగదిలో తలుపు మూసుకుని చేస్తాడు. భార్య పోయి పదేళ్ళయిన యారిక్ చొక్కా ఇస్త్రీ చేసుకునేది ఆ ఒక్క శనివారమే.

"ఎప్పుడు ఊడింది?"

"మంగళవారం సాయంత్రం. వాతావరణం వార్తలు పెట్టుకుని దుమ్ము తుడుస్తున్నాను. రంగు పెళ్ళలా ఊడి చేతిలోకొచ్చింది. కింద మా ఆయన వేలు! నలభై ఏళ్ళు ఆ వార్తలు వింటూ అక్కడే వేలు పెట్టి అరగదీశాడు."

"పాత ప్లాస్టిక్ కదా, ఒక్కోసారి..."

"మిగతా అంతటా నిలిచిన రంగు అక్కడే ఎందుకు నిలవదు? నేను పోయాక ఇంట్లో ఒక్క వస్తువు మార్చావంటే చూడు, అనేవాడు వీబె. కర్టెన్లు మార్చాను, ఊరుకున్నాడు. దీని జోలికొచ్చేసరికి ఊరుకోవడం లేదు."

కాఫీ పోసే ట్రీన్‌చె పళ్ళెంతో వచ్చింది. "ఏమయ్యా యారిక్, ఒక్క దయ్యాన్ని కప్పలేవా నీ రంగుతో?" అని నవ్వింది. ఎవరూ నవ్వకపోయేసరికి పళ్ళెం అతని ముందుకు తోసింది. "ఇదిగో నీ రొట్టె. ఎప్పటిలాగే వెన్న దట్టంగా. గదిలోకి పట్టుకుపోయే తిను, మాతో కూర్చుని తింటే నామోషీ కదా!"

హిస్కె కాఫీ అందుకుంది. యారిక్ అప్పుడు చూశాడు ఆమె ముఖం. బుగ్గలు లోపలికి పోయాయి, కళ్ళ కింద నల్లబడింది. ఇన్ని శనివారాలు పక్కన కూర్చున్న మనిషిని తను సరిగ్గా చూడనేలేదు. సిగ్గేసింది.

"నిద్రపోయి నెలయింది," అంది ఆమె మెల్లగా. "మెట్ల మీద అడుగుల చప్పుడు. రేడియో ఉన్న గదిలోకి ఒంటరిగా వెళ్ళలేకపోతున్నాను. అమెలాండ్ దీవిలో మా అక్క నాకోసం గది సర్ది పెట్టింది, ఏడాదిగా రమ్మని పోరుతోంది. ఈసారి మచ్చ రాకపోతే వీబె నన్ను వదిలేశాడనుకుని పడవెక్కేస్తాను. వచ్చిందంటే ఇక ఆయనతోనే ఉండిపోతాను, ఆ ఇంట్లోనే."

"వెళితే... మళ్ళీ ఇటు రారా?"

"దేనికి? సామాన్లు బాగుచేయడానికి అక్కడ మా బావ ఉన్నాడుగా."

"అవును," అన్నాడు యారిక్. "ఉన్నాడు."

హాలు ఖాళీ అవుతోంది. ట్రీన్‌చె కుర్చీలు సర్దుతోంది.

"ఒక్కటి చెప్పండి యారిక్. చచ్చిపోయినవాళ్ళు ఇంతలా పట్టుకుంటారా?"

"చచ్చిపోయినవాళ్ళు..." అంటూ రేడియోని తనవైపు లాక్కున్నాడు. "ఈసారి రాదు, హిస్కె గారూ."

"ఇంతకుముందూ అదే మాట అన్నారు."

"అప్పుడు ఊరికే అన్నాను."

రేడియో ఒక చేత్తో, రొట్టె పళ్ళెం ఇంకో చేత్తో పట్టుకుని వెనకగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. మచ్చ అంచులు గరుకు కాగితంతో అరగదీశాడు. సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచాడు. తలుపు అవతల హిస్కె కుర్చీ కిర్రుమంది. ఆ చప్పుడు ఇంకొక్క నెల వినాలని ఉంది అతనికి. రొట్టె పళ్ళెం దూరంగా జరిపి, స్ప్రే డబ్బా ఊపాడు.

ఈసారి యారిక్ బొటనవేలికి వెన్న రాసుకోలేదు.