వెనక ఉన్నవారిని జరగమనండి

గలాట్సి ఊళ్లో, ఎనిమిదో అంతస్తులో ఒంటరిగా ఉంటున్న అనువాదకురాలు స్మరాండా సాయంత్రం నుంచి తన పాత కంప్యూటరుకు కొత్త సిస్టం ఎక్కిస్తోంది. పొద్దున్నే కోర్టుకు పంపాల్సిన కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి. అర్ధరాత్రి దాటాక అది చివరికి, తెరుచుకోవాలంటే కెమెరాకు ముఖం చూపించమంది. చూపించింది.

"ఇద్దరు కనిపిస్తున్నారు. వెనక ఉన్నవారిని జరగమనండి" అని తెర మీద పడింది.

తిట్టుకుంటూ గోడ మీది ఫొటో దించేసింది. కొక్కేనికున్న కోటు తీసేసింది. మళ్లీ అదే మాట. వేరే ఇంట్లో ఉండే తన అన్న ఒక్తావ్‌కు ఫోన్ చేసింది.

"వెనక అద్దం ఉందేమో చూడవే."

"అద్దం లేదు, నా బొంద లేదు! ఆరుసార్లు చూపించానురా అన్నయ్యా. కిటికీలోంచి విసిరేస్తాను దీన్ని."

"కెమెరా మీద దుమ్ముంటుంది, తుడువు. నన్ను పడుకోనీ తల్లీ" అని పెట్టేశాడు.

తుడిచింది. మళ్లీ ఇద్దరే. స్మరాండాకు ఒళ్లు మండిపోయింది.

"ఎవరో గానీ కాస్త లేచి అవతలికి పోండి, నాకు పనుంది!" అని అరిచింది.

వెనక సోఫా కిర్రుమంది. చెప్పుల్లేని అడుగులు మెల్లగా వంటింటి దాకా వెళ్లాయి.

"ధన్యవాదాలు. ఇప్పుడు మీరొక్కరే ఉన్నారు" అంది తెర.

స్మరాండా కదల్లేదు. వంటింట్లో ఎవరో కుర్చీ లాక్కుని కూర్చున్నారు.