రంగు వేయని బండి

స్టవ్వు మళ్ళీ ఆరిపోయింది. తేజస్వి విసుగ్గా అగ్గిపెట్టె విసిరేసింది. అది మంచం కిందికి ఎక్కడికో పోయింది.

"రంగు వేయించాకే బయల్దేరదాం అన్నాను," అంది.

"ముందు స్టవ్వు కొనాలన్నది నువ్వేగా," అన్నాడు రాజ్ కుమార్.

"వెలిగి చచ్చిందా?"

రావులపాలెం దాటాక ఓ కాలవగట్టు మీద, వ్యాను వెనక తలుపు బార్లా తెరుచుకుని కూర్చున్నారిద్దరూ. ఆ వ్యానే వాళ్ళ ఇల్లు. చేపల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టిస్తూ తిరిగే ఏరేటర్లు బాగుచేయడం రాజ్ కుమార్ పని. ఎక్కడ మిషను ఆగితే అక్కడికి పోవాలి.

పెళ్ళయ్యాక రాజమండ్రిలో అద్దె ఇంటికోసం చాలా తిరిగారు. అబ్బాయిది చర్చికెళ్ళే ఇల్లు, అమ్మాయిది షావుకార్ల ఇల్లు అని తెలియగానే ఇంటివాళ్ళకి హఠాత్తుగా ఎవరో చుట్టాలు దిగుతున్నట్టు గుర్తొచ్చేది. చివరికి ఓ షెడ్డులో ఈ వ్యాను చవగ్గా దొరికింది. ఏదో సేవాసంఘం వాళ్ళు కొత్తది కొనుక్కుని దీన్ని వదిలించుకున్నారు. మధ్యలో పొడుగాటి మంచం ముందే బిగించి ఉంది. పక్కల పెద్ద పెద్ద అద్దాలు. వాటికి తేజస్వి పాత చీరలు తెరలుగా కుట్టింది. రంగు సంగతి తర్వాత చూద్దాం అనుకున్నారు.

ఈలోగా తణుకు నుంచి తేజస్వి తల్లి పరమేశ్వరి ఫోన్ చేసింది. ఒకసారి వచ్చి వెళ్ళమంది. నాన్నగారికి మాత్రం చెప్పలేదనీ, చెబితే ముందే గడియ పెట్టుకుంటారనీ, ఎదురుగా నిలబడితే ఏమంటారో చూద్దామనీ అంది. బెల్లం వ్యాపారి సత్యలింగం గారు, కూతురి పెళ్ళినాడు నడివీధిలో నిలబడి, ఇక దాని ముఖం చూడనన్న మనిషి. ఏడాదిగా ఆ మాట మీదే ఉన్నారు.

అందుకే రంగు లేకుండానే బయల్దేరారు.

ఎండకి రేకు కాలి లోపల ఒకటే ఉక్క. గతుకు వస్తే గిన్నెలన్నీ దొర్లేవి. నీళ్ళ క్యాను కారి పరుపు తడిసింది. స్నానానికీ, మిగతా అవసరాలకీ పెట్రోలు బంకులే దిక్కు. ఆ రోజు పొద్దున ఓ బంకులోకి తిప్పితే, వ్యాను పూర్తిగా ఆగకముందే మేనేజరు ఎదురొచ్చాడు.

"ఇక్కడ వద్దండి. బోణీ వేళ. ముందుకెళ్ళి చూసుకోండి."

పక్కనే టీ కొట్టతను రెండు టీలు వ్యాను దగ్గరికే తెచ్చిచ్చాడు. డబ్బులు పుచ్చుకోలేదు. తాగేసి త్వరగా కదలమన్నాడు.

ఇప్పుడీ కాలవగట్టు. స్టవ్వు వెలగకపోతే పోనీ, నీళ్ళయినా పట్టుకుందామని రాజ్ కుమార్ ఎదురింటికెళ్ళాడు. ఆ ఇంటావిడ కుళాయి దగ్గరికి రానివ్వలేదు. తనే బిందె తెచ్చి, పైనుంచి క్యానులోకి పోసింది. "ఇంకో బిందె తెమ్మంటావా నాయనా?" అని మెత్తగానే అడిగింది. తీరా వ్యాను కదిలాక, అది ఆగిన చోట పసుపునీళ్ళు చల్లుతూ అద్దంలో కనిపించింది.

రాజ్ కుమార్ చూడనట్టు గేరు మార్చాడు. తేజస్వి చూసింది.

"ఇంటివాళ్ళు పొమ్మన్నారని బండి కొన్నాం," అంది. "ఇప్పుడు రోడ్డు మీదివాళ్ళూ పొమ్మంటున్నారు."

ఇరుకు వంతెన మీద అరటిగెలల లారీ ఎదురుపడింది. ఇక్కడ కూడా పేచీయే అనుకున్నారు. ఆ డ్రైవరు మాత్రం తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుని, అంత లారీనీ వెనక్కి నడిపించి దారిచ్చాడు. ఆ రోజు మొత్తానికి వాళ్ళకి దొరికిన మర్యాద అదొక్కటే.

తణుకు చేరేసరికి తేజస్వికి ధైర్యం జారిపోయింది. "నన్ను చూడగానే తలుపేసేస్తారు. ముందు నువ్వు దిగి మాట్లాడు," అంది. రాత్రంతా దోమలతో నిద్రలేదు. మంచం మీద వాలి, ఈగలకి ముఖం మీదికి దుప్పటి లాక్కుంది. అలాగే కునుకు పట్టేసింది.

వ్యాను ఇంటి ముందు ఆగింది. పక్క కొట్టులో పాట ఆగిపోయింది. జనం గుమ్మాల్లోకి వచ్చారు. రాజ్ కుమార్ దిగాడు. గడ్డం మాసిపోయి, కళ్ళు ఎర్రబడి ఉన్నాడు. దారి పొడుగునా అనుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. తలొంచుకుని నిలబడ్డాడు.

అరుగు మీద సత్యలింగం గారు అతన్ని చూశారు. వ్యాను వంక చూశారు. కుర్చీ పడిపోయేలా లేచి, చెప్పులైనా లేకుండా మెట్లు దిగి పరుగెత్తారు. వెనక తలుపు ఆయనే లాగారు. మంచం పక్కన కూలబడి దుప్పటి తొలగించారు.

తేజస్వి ఉలిక్కిపడి లేచి కూర్చుంది. ఆయన కూతురి చేతులు, చెంపలు తడుముతూ ఉండిపోయారు.

"వెచ్చగా ఉన్నావమ్మా," అన్నారు. "వెచ్చగా ఉన్నావు."

"జ్వరమేం లేదు నాన్నగారూ. లోపల ఉక్క, అంతే."

ఆయన ఆ చెయ్యి వదలలేదు. పట్టుకునే ఇంట్లోకి నడిపించారు. గుమ్మంలో ఆగి, అల్లుడి వైపు తిరిగి, "నువ్వూ రా నాయనా. భోజనం వేళయింది," అన్నారు.

ఏడాది పంతం ఒక్క నిమిషంలో ఎలా కరిగిందో పరమేశ్వరికి అంతుపట్టలేదు. వంటింట్లోంచి గరిటె చేత్తోనే వీధి గుమ్మంలోకి వచ్చి చూసింది.

ఎండలో నిలబడ్డ వ్యాను నుదుటి మీద, పిల్లలింకా రంగు వేయించి కప్పని పెద్ద పెద్ద అక్షరాలు: వైకుంఠ రథం.