డాట్ మేజోళ్లు

ఫ్యాన్ బెల్టు తెగింది. పడకా వంటిల్లూ ఉన్న పాత మోటర్‌హోమ్ తారురోడ్డు దిగి ఎర్రమట్టిలో ఆగిపోయింది. అతను బానెట్ ఎత్తి చూసి, కసికొద్దీ వీల్ స్పానర్‌తో బంపర్‌ని రెండు బాదాడు. సాయంత్రంలోగా రాష్ట్రం సరిహద్దు దాటాలి. దాటకపోతే బతుకు బుగ్గిపాలే.

పశ్చిమ ఆస్ట్రేలియాలో, ఆ ఎడారి దారిలో, బానెట్ ఎత్తిన బండిని చూసి కూడా ఆగకుండా పోయేవాణ్ని మనిషి కింద లెక్కగట్టరు. ఆ మర్యాదే అతని ప్రాణానికొచ్చింది. పది నిమిషాల్లో ఓ ట్రక్కు వచ్చి ఆగింది.

"ఏమోయ్ రెజ్! మొండికేసిందా?" అంటూ అరవై ఏళ్ల బట్టతలాయన దిగాడు.

అతను ఉలిక్కిపడ్డాడు. పేరెలా తెలిసిందో తర్వాత వెలిగింది. రిటైరై రోడ్లమ్మట తిరిగేవాళ్లందరి బండ్ల మీదా ఉన్నట్టే దీని వెనకా పెద్దక్షరాలతో రాసుంది: 'రెజ్, డాట్. రేడియో ఛానెల్ 18.'

"నేనోయ్, క్లెమ్‌ని! పొద్దున బండి రేడియోలో అంతసేపు వాగాం కదా. నీ గొంతు అందులో వేరేగా వినిపించిందే. ఆ చేతికి రక్తమేంటి?"

"ఫ్యాన్ తగిలింది."

క్లెమ్ ఇంజన్లో తలదూర్చి నాలుక చప్పరించాడు. తర్వాత కన్ను కొట్టాడు.

"డాట్ ఏదీ? రాత్రంతా నీ పక్కలో దొర్లి దుప్పటి మొత్తం లాగేసుకుందన్నావ్!" వెళ్లి కిటికీ మీద తట్టాడు. "డాట్! రావే బంగారం! మాంసం పెడతా, రా!"

అతని చెయ్యి స్పానర్ మీద బిగిసింది.

"కిటికీ జోలికెళ్లకు. దానికి ఒంట్లో బాలేదు, పడుకుంది."

"అయ్యో పాపం. సరే, లేపన్లే." క్లెమ్ వెనక్కి వచ్చాడు. "బెల్టుకి మా నాన్న చిట్కా ఒకటుంది. ఆడవాళ్ల పొడుగు మేజోళ్లు మెలిపెట్టి ముడేస్తే పక్క ఊరిదాకా లాగుతుంది. మన మొహాలకి మేజోళ్లెక్కణ్నుంచొస్తాయిలే!"

"డాట్‌వి ఉంటాయిగా. ఉండు, తెస్తా."

క్లెమ్ పకపకా నవ్వాడు. అతను నవ్వలేదు. క్లెమ్ నవ్వు సగంలో ఆగిపోయింది.

"డాట్‌వా?" అన్నాడు మెల్లగా.

చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ ట్రక్కు దగ్గరికి నడిచి, తలుపు తీసి, లోపలికి చెయ్యి చాపాడు.

తుపాకీ!

అతను ఒక్క ఉరుకున మీదపడ్డాడు. మొదటి దెబ్బకి మణికట్టు ఎముక పటుక్కుమంది. రెండోది దవడకి తగిలింది. ముసలాడు మొండిఘటం, కిందపడుతూనే అతని కాలు పట్టి లాగాడు. ఇద్దరూ మట్టిలో దొర్లారు. క్లెమ్ గోళ్లు అతని మెడ చీరాయి, పళ్లు భుజంలో దిగాయి. అతను మోకాలితో డొక్కలో కుమ్మాడు. ఊపిరాడక క్లెమ్ పట్టు వదిలేశాక స్పానర్ రెండు చేతులా ఎత్తి నెత్తి మీద వేశాడు. మళ్లీ వేశాడు. నాలుగోసారికి క్లెమ్ కాళ్లు తన్నుకోవడం మానేశాయి.

రొప్పుతూ లేచి ట్రక్కులోకి తొంగిచూశాడు. తుపాకీ లేదు. రేడియో మైకు మాత్రం తీగకి వేలాడుతూ ఊగుతోంది.

ఇంతలో రేడియో గరగరలాడి ఒక ఆడగొంతు ఏడుస్తూ పలికింది: "ఛానెల్ 18లో ఎవరున్నా వినండి, రెజ్ బండి పోయింది, రెజ్ శవం ఇక్కడ వాగులో పడుంది, దగ్గరికెళ్దామంటే పక్కనే కూచుని ఒకటే మొరుగుతోంది డాట్!"