మూడున్నర పరీక్ష

"మళ్లీ చెప్తున్నా, బుర్రలో పెట్టుకో. పరీక్ష ఫోనుకి మెకానిక్‌ని పంపకూడదు," అన్నాడు సూపర్‌వైజరు టేబుల్ మీద వేలితో కొడుతూ. "నిన్న పక్క బ్రాంచిలో ఒకావిడ అది నిజమనుకుని ఇద్దరిని ఊరి చివరిదాకా పరిగెత్తించింది. మొత్తం కంపెనీ పగలబడి నవ్వింది. నీకు ఇవాళ సరిగ్గా మూడున్నరకి చేస్తారు. లిఫ్టులో ఇరుక్కున్నట్టు నటిస్తారు. నువ్వు ఇంగ్లిషులో ధైర్యం చెప్పాలి. అంతే."

"ఫెయిలైతే సార్?"

"సోమవారం నుంచి స్టోర్‌రూములో నట్లూ బోల్టులూ సర్దుకోవడమే."

ఆయన వెళ్లిపోయాడు. ఆమె గుండెల్లో రాయి పడింది. లిఫ్టుల కంపెనీలో ఆ హెల్ప్‌లైన్ కుర్చీ నిలబెట్టుకోవడానికి నలభై రెండేళ్ల వయసులో సాయంత్రం ఇంగ్లిషు క్లాసుల్లో చేరింది. మొదటి మెట్టు దాటింది, రెండో మెట్టు మీద వేలాడుతోంది. అడిగింది అర్థమవుతుంది, చెప్పాల్సింది నాలుక చివరిదాకా వస్తుంది, అక్కడ మొండికేస్తుంది. "నోరు తెరవకముందే సారీ చెప్తావేంటమ్మా?" అని ఇంట్లో కూతురు రోజూ ఆటపట్టిస్తుంది.

మూడు ఇరవై ఎనిమిదికి ఫోను మోగింది. చెమట పట్టిన చేతిని పమిటకి తుడుచుకుని రిసీవర్ ఎత్తింది.

ఆడగొంతు. ఇంగ్లిషు. ఆ డెస్కుకి ఇంగ్లిషులో ఫోను రావడం నెలకొకసారి కూడా ఉండదు. ఇంకేం సందేహం!

"లిఫ్ట్ ఆగిపోయింది. లైటు కూడా పోయింది. నేనూ, మా అమ్మా ఉన్నాం. తొందరగా ఎవరినైనా పంపండి, ప్లీజ్!"

వెనక బెంచీ మీద టీ తాగుతున్న మెకానిక్ గ్లాసు పక్కన పెట్టి లేచాడు. రిటైర్‌మెంటుకి దగ్గరపడ్డ మనిషి, ఆఫీసంతటికీ బాబాయే.

"ఏంటమ్మాయ్, కేసా? వెళ్లనా?"

ఆమె రిసీవర్‌ని అరచేత్తో మూసింది. "కూర్చో బాబాయ్. పరీక్ష."

"ఓహో, వచ్చేసిందా!" అని ఆయన గొంతు తగ్గించి మళ్లీ కూర్చున్నాడు.

క్లాసులో బట్టీపట్టిన మొదటి వాక్యం ఎలాగో బయటపడింది. "కంగారు పడకండి మేడమ్, నేను మీతోనే ఉన్నాను. ఏ బిల్డింగు?"

"మార్కెట్ వెనక పసుపు రంగు బిల్డింగు. నాలుగు, అయిదు అంతస్తుల మధ్య."

ఆమె దాన్ని తడబడకుండా తిరిగి అప్పజెప్పింది. "మా మెకానిక్ ఇప్పుడే బయల్దేరాడు. పదిహేను నిమిషాల్లో మీ దగ్గరుంటాడు." నెలల తరబడి ఏడిపించిన భవిష్యత్ కాలం బుద్ధిగా వచ్చి తన చోట కూర్చుంది. ఆమెకి కాస్త ఊపిరి ఆడింది.

"మా అమ్మకి ఊపిరి ఆడట్లేదు," అంది అవతలి గొంతు. "ఆయాసం మనిషి. మందు ఇంట్లో ఉండిపోయింది."

ఈ ప్రశ్న పుస్తకంలో లేదు! ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. వదులు చేయడాన్ని ఇంగ్లిషులో ఏమంటారో మొన్ననే చదివింది, ఇప్పుడు గుర్తొస్తే ఒట్టు. ఈ పరీక్ష పెట్టేవాళ్లకి జాలీ దయా ఉండవా? గొంతు ఎంత బాగా వణికిస్తోంది, మహానటి! ఇలాంటి మనిషి మార్కులు మాత్రం పిసినారితనంగానే వేస్తుంది.

"ఆవిడని... కింద కూర్చోబెట్టండి. గోడకి ఆనించండి. మెడ దగ్గర బట్ట వదులు చేయండి. మెల్లగా పీల్చి మెల్లగా వదలమనండి. మీరూ ఆవిడతోపాటు చేయండి." ఒక్కో వాక్యం తూకం వేసినట్టు వదిలింది.

అవతల ఇద్దరూ గట్టిగా పీల్చి వదులుతున్న చప్పుడు వినిపించింది. తప్పు చెప్పానా? మార్కులు పోయాయా? ఆమె గోడగడియారం చూసింది, మూడూ నలభై.

"మీ మనిషి ఎక్కడిదాకా వచ్చాడు?"

ఆమె వెనక్కి చూసింది. బాబాయ్ టీలో బిస్కెట్టు ముంచుతున్నాడు.

"మార్కెట్ సిగ్నల్ దాటాడు మేడమ్."

"తలుపు మేమే తెరుచుకోవచ్చా? ఎలాగోలా కిందికి దూకేస్తాం."

"వద్దు, వద్దు! అది చాలా ప్రమాదం. దయచేసి ఆయన కోసం ఆగండి." ఆ జవాబు మాత్రం ఆలోచించకుండానే వచ్చేసింది. ఆమెకే ముచ్చటేసింది.

"ఇంకా ఎంతసేపు? అమ్మ మాట్లాడట్లేదు. కళ్లు మూసుకుపోతున్నాయి."

"ఆవిడ చెయ్యి పట్టుకోండి. మా మెకానిక్ మీ బిల్డింగులోకి వచ్చేశాడు, మెట్లెక్కుతున్నాడు. ఒక్క నిమిషం."

"నిజంగా?"

"నిజంగా మేడమ్. నన్ను నమ్మండి."

"థాంక్యూ," అంది ఆ గొంతు ఏడుస్తూ. "మీ మాట పట్టుకునే ఉన్నాం."

లైను తెగిపోయింది. ఆమె రిసీవర్ పెట్టేసి కుర్చీలో వెనక్కి వాలింది. జాకెట్టు తడిసి ముద్దయింది. నవ్వు ఆగడం లేదు. ఇరవై నిమిషాలు! ఇరవై నిమిషాలు ఇంగ్లిషులో, ఒక్కసారి కూడా సారీ చెప్పకుండా!

"గట్టెక్కావా అమ్మాయ్?"

"గట్టెక్కినట్టే బాబాయ్. చివర్లో ఆవిడ ఏడ్చేసింది కూడా, అంత బాగా చెప్పాను."

ఫోను మళ్లీ మోగింది. మార్కులు చెప్పడానికే అయివుంటుంది. ఆమె కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని ఎత్తింది. ఈసారి మగగొంతు, ఇంగ్లిషులోనే, నింపాదిగా పలికింది.

"క్షమించాలి మేడమ్, మూడున్నరకే చేయాల్సింది, నాకు వేరే పని తగిలి ఆలస్యమైంది. మీ పరీక్ష ఇప్పుడు మొదలుపెడదామా?"