ఆఖరి రేటు

“ఇరవై వేలు తగ్గియ్యి సేటు. నువ్వు ఊ అంటే రేపు పొద్దుగాలే పైసలు తెస్త.”

“రూపాయి గూడ తగ్గది తమ్మీ. మూడు లక్షల నలభై వేలు. ఆఖరి రేటు.”

ఈ మాట ఆ వారంలో ఎన్నిసార్లు అన్నాడో వీరభద్రానికే తెలియదు. హన్మకొండ చౌరస్తాలో ఇరవై ఆరేళ్లుగా కెమెరాలు అమ్ముతున్న మనిషి. బేరం లేకుండా సరుకు అమ్మమంటే ఆయనకు ఉప్పు లేని కూర తిన్నట్టే ఉంది.

ఏం చేస్తాడు మరి! ఆయన అమ్మే కొత్త మిర్రర్‌లెస్ కెమెరా లాంటిదాన్నే పోటీ కంపెనీ పాతిక వేలు తక్కువకు దించింది. వీరభద్రం డీలరుగా ఉన్న కంపెనీకేమో పౌరుషం పొడుచుకొచ్చింది. ధర తగ్గిస్తే సరుకు నాసిరకం అనుకుంటారట. తగ్గించి అమ్మిన షాపుకు డీలర్‌షిప్ పీకేస్తామని ఉత్తరం రాసింది. అంతటితో ఆగలేదు, కొనేవాళ్లలా మనుషుల్ని పంపి బేరం ఆడిస్తోంది. పోయిన నెల పక్క జిల్లాలో ఒకాయన అలాగే దొరికిపోయి షాపు మూసుకున్నాడు. వీరభద్రం బతుకూ ఆ ఒక్క డీలర్‌షిప్ మీదే నడుస్తోంది.

ఎదురుగా కూర్చున్న మనిషి కదల్లేదు. నలభై ఏళ్లుంటాయి. పేరు కుమారస్వామి అనీ, పరకాలలో పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాననీ చెప్పాడు.

“ఎదురుంగ కిషన్ రావు షాపుల ఆ కంపెనీది అగ్గువకు ఇస్తాన్రు గద. గది తీస్కోరాదు?” అన్నాడు వీరభద్రం నీరసంగా.

“దానికి నా లెన్సులు పట్టయి సేటు. మీదైతే అడాప్టర్ ఏస్తే పడుతయి.”

కుమారస్వామి సంచిలోంచి పాత కెమెరా తీసి బల్ల మీద పెట్టాడు. రబ్బరు ఊడిపోతే జిగురు పెట్టి అతికించాడు. బొటనవేలు ఆనేచోట అక్షరాలు అరిగిపోయాయి.

“పదకొండేండ్లు దీంతోనే తీసిన. ఇప్పుడు టక్కున సప్పుడు ఇనవడంగనే పెండ్లోళ్లు ఎనకకు తిరిగి చూస్తాన్రు. ‘ఇంకా పాత కెమెరానేనా’ అంటాన్రు. కొత్తయి సప్పుడే చెయ్యయి గద. మొన్న మాఘమాసంల నాకు ఒక్క పెండ్లి దొరకలే.”

వీరభద్రం ఆ కెమెరాను చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూశాడు. బిల్లుల దగ్గర కూర్చున్న భార్య సుభాషిణి కళ్లతోనే వద్దంది. దగ్గరికి వెళ్తే గుసగుసగా హెచ్చరించింది.

“చెకింగోళ్లు తిరుగుతాన్రు. జర పైలం.”

“వాడు పొద్దుగాలే వచ్చిపోయిండు. ఇస్త్రీ అంగి, మెరిసే బూట్లు. ముప్పావుగంట సతాయించిండు.”

“వాడేనని ఎట్ల చెప్తరు?”

“ఇగ నాతోని కాదు సుభాషిణీ. మూడు నెలల్ల రెండే అమ్మిన. చేతుల పని ఉన్నోన్ని గూడ పో పొమ్మని ఎంతమందిని ఎల్లగొట్టాలె?”

ఆమె మళ్లీ బిల్లుల వైపు తిరిగింది. ఆమెకూ విసుగొచ్చింది.

వీరభద్రం తిరిగొచ్చి గొంతు తగ్గించాడు. “మూడు ఇరవై అయిదు. అడాప్టర్ ఊకనే ఇస్త, దానికి పైసలొద్దు. నాకు మిగిలేది ఏం లేదు తమ్మీ.”

కుమారస్వామి తలెత్తలేదు. “నిజంగనే ఇస్తవా సేటు?”

“మాటంటే మాటే. పెట్టె నీ పేరు మీద పక్కకు పెడుత. కని ఈ రేటు బయట ఎవ్వలకు చెప్పకు. కంపెనోళ్లకు తెలిస్తే నా షాపు బందే.”

సుభాషిణి ఫ్లాస్కులోంచి చాయ్ పోసి కుమారస్వామికి ఇచ్చింది. “పెండ్లిళ్లు లేకపాయె, మరి ఇల్లెట్ల గడుస్తాంది?” అని అడిగింది.

“ఏ పని దొరికితే ఆ పని చేస్తాన్న అక్కా.”

చాయ్ చల్లారిపోయేదాకా పట్టుకుని, తాగకుండానే బల్ల మీద పెట్టాడు. కళ్లు తడిగా ఉన్నాయి. పాత కెమెరాను సంచిలో సర్దుకుని, దండం పెట్టి బయటికి నడిచాడు. కొత్త కెమెరా పెట్టెను వీరభద్రం అద్దాల బీరువాలోంచి తీసి కింది అరలో దాచాడు. చాన్నాళ్లకు వ్యాపారం చేసినట్టనిపించింది ఆయనకు.

చౌరస్తా బస్టాపులో పరకాల బస్సులు రెండు వచ్చి వెళ్లిపోయాయి. కుమారస్వామి ఎక్కలేదు. సంచి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద అలాగే కూర్చున్నాడు. మూడో బస్సు వస్తుండగా ఫోన్ తీసి ఒక నంబరు నొక్కాడు.

“సార్, వీరభద్రం షాపుల గూడ చెకింగ్ అయిపోయింది, రూపాయి తగ్గియ్యలే.”