ఉత్తుత్తి కిటికీ

బయట ముత్తాతల కాలం, లోపల మునిమనవల కాలం అన్నట్టు కొత్తిల్లు కట్టిపెట్టాడు బావమరిది. పైన పెంకులు, చెక్క కిటికీలు. లోపల చలీ వేడీ చప్పుడూ దాటని గోడలు, దానికదే తాళం పడే తలుపు.

"లోపల గొంతు చించుకున్నా వీధికి వినపడదు బావా! అక్కతో హాయిగా పోట్లాడుకో."

మొదటి రాత్రి భార్యా, పసిపాపా నిద్రపోయాక, ఇల్లుగలాయన బయట నిలబడి ఇంటిని మురిపెంగా చూసుకుంటున్నాడు. పడకగది కిటికీకి జతగా, అందం కోసం గోడకి బిగించిన ఉత్తుత్తి కిటికీ అద్దం మసకబారి ఉంది. తుడిచాడు. పోలేదు. మసక లోపలివైపుంది. తగ్గుతోంది, మళ్లీ పరుచుకుంటోంది, ఎవరో నిదానంగా ఊపిరి వదులుతున్నట్టు.

ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఆ దొంగ కిటికీ వెనక ఏముందిరా?"

"దూదిలాంటి సరుకు కూరి గోడ కట్టేశాం. దొంగ కిటికీలోంచి దొంగలు రారులే, పడుకో బావా."

"గోడకి అటువైపు?"

"పాప ఉయ్యాల."

అద్దం మీద ఆవిరి చటుక్కున ఆరిపోయింది. పక్కన పడకగదిలో దీపం వెలిగింది. తెర మీద ఉయ్యాల నీడ ఊగుతోంది.

పరుగెత్తి తలుపు లాగాడు. తాళం పడిపోయి ఉంది. రెండు చేతులా బాదుతూ భార్యని పిలిచాడు.

బావమరిది పనితనానికి వంక పెట్టలేం. లోపల్నుంచి ఒక్క చప్పుడూ బయటికి రాలేదు.